ఆ సినిమా చూస్తే ఒప్పుకున్నట్టేనా?

విశాఖపట్నంలో మధురవాడ వైపు నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. ఎవరైనా గుర్తుపట్టేలా ఉన్న వివరాలు తీసేసి, సంగతి మాత్రం ఇక్కడ చెప్తున్నాను.

ఆవిడకి 33 ఏళ్లు, ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్తకి 37. రుషికొండ ఐటీ కొండ మీద ఒక కంపెనీలో 13 ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్నారు. రెండేళ్ల క్రితం టీమ్ లీడ్ అయ్యారు. పాపకి ఆరేళ్లు. మామగారు స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరై కూర్మన్నపాలెంలో ఉంటున్నారు. అత్తగారికి షుగరు, ఆవిడ వైద్యం ఖర్చంతా కొడుకు కంపెనీ ఇన్సూరెన్స్ మీదే నడుస్తోంది. భర్త జీతం చేతికి 95 వేలు, ఈవిడది 27 వేలు. ఫ్లాట్ మీద నెలకి 36 వేల ఈఎంఐ, ఇంకా 11 ఏళ్లు కట్టాలి.

గొడవంతా ఒక హిందీ సినిమాతో మొదలైంది. 2015లో వచ్చిన ‘తమాషా’. నాలుగు నెలల క్రితం ఒక రాత్రి అందరూ పడుకున్నాక ఆయన ఫోన్లో చూశారట. తెల్లారేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇప్పటికి అయిదుసార్లు చూశారు. ఒకరోజు అన్నం తింటూ, “నేను చెయ్యాల్సిన పని ఇది కాదు. మానేస్తాను. కథలు చెప్తాను, నాటకాలు వేస్తాను” అన్నారు. ఈవిడ గట్టిగా అరిచారు. ఆయన తిరిగి అరవలేదు. “ఆ సినిమా ఒక్కసారి చూడు. తర్వాత నువ్వేం చెప్తే అదే” అన్నారు. మూడు నెలలుగా వారానికోసారి అదే మాట. ఈవిడ చూడలేదు. ఎందుకంటే, “చూస్తే ఒప్పుకున్నట్టే అవుతుందని భయం” అని రాశారు.

ఉత్తరంలో రెండు చోట్ల నేను చాలాసేపు ఆగిపోయాను. ఒకటి: సాయంత్రం ఆయన బండి సెల్లార్లోకి వచ్చిన చప్పుడు వినిపిస్తుంది, మనిషి మాత్రం పైకి రారు. ఒకరోజు ఈవిడ కిందకి దిగి చూస్తే, బండి స్టాండు వేసి, హెల్మెట్ తియ్యకుండా, ఎదురుగా గోడకేసి చూస్తూ సీటు మీదే కూర్చుని ఉన్నారు. ఇరవై నిమిషాలైనా కదల్లేదు. ఈవిడ చప్పుడు చెయ్యకుండా మెట్లెక్కి వచ్చేసి, ఏమీ ఎరగనట్టు కుక్కర్ పెట్టారు.

రెండోది పెళ్లయిన కొత్తలోది. కిరండూల్ పాసింజర్లో అరకు వెళ్తుంటే ఆయన ఒక దెయ్యం కథ మొదలుపెట్టారు. రైలు సొరంగంలోకి వెళ్లినప్పుడల్లా ఆపడం, బయటికి వచ్చి వెలుగు పడగానే మళ్లీ అందుకోవడం. నాలుగు సొరంగాలు దాటేసరికి పెట్టెలో సగం మంది ఆయన చుట్టూ చేరారు. పల్లీలమ్మే కుర్రాడు గంప కింద పెట్టేసి కూర్చున్నాడు. కథ పూర్తి కాకుండానే అరకు వచ్చేసింది, అందరూ దిగిపోయారు. “ఆ కథ చివర ఏమైందో నాకు ఇప్పటికీ తెలీదు” అని రాశారు.

ఆవిడ అడిగినవి మూడు. ఆ సినిమా నేను అసలెందుకు చూడాలి? మామయ్యగారికి చెప్పి మందలించమంటే మంచిదా? ఆయనకి ఏమైనా జబ్బు చేసిందా?

అమ్మా,

మీ ఉత్తరం చదివాక ముందు ఆ సినిమా మళ్లీ చూశాను. విడుదలైన కొత్తలో చూసినప్పుడు నాకు సగమే నచ్చింది, కుర్రాడి గోల ఎక్కువైంది అనుకున్నాను. మొన్న రాత్రి మీ ఉత్తరం పక్కన పెట్టుకుని చూస్తే వేరే సినిమా చూసినట్టుంది.

ముందు మీ భయం దగ్గరికి వస్తాను. మన ఇళ్లలో పెళ్లిచూపులకి కూర్చుంటే చాలు, సరే అన్నట్టే లెక్క. కాఫీ కప్పు అందుకుంటే మాట ఇచ్చేసినట్టే. అలా పెరిగినవాళ్లం కాబట్టి ఎదుటివాళ్ల మాట చివరిదాకా వింటే ఇక వద్దనే హక్కు పోతుందనిపిస్తుంది. పోదమ్మా. పూర్తిగా విన్నాక వద్దంటే ఆ మాటకే బరువెక్కువ. చూడకుండా మీరు వద్దంటున్నంతకాలం ఆయన దగ్గర ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది, “నీకు తెలీదులే” అని. ఆ మాట ఆయన పైకి అనకపోవచ్చు. లోపల మాత్రం అనుకుంటూనే ఉంటారు.

కథ తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. ఇంతియాజ్ అలీ తీశారు. రణ్‌బీర్ కపూర్ వేద్, దీపికా పదుకోణె తార. ఫ్రాన్సుకి చెందిన కోర్సికా దీవిలో ఇద్దరూ అనుకోకుండా కలుస్తారు. అసలు పేర్లు చెప్పుకోకూడదని, నిజాలు మాట్లాడుకోకూడదని ఒప్పందం. అతను డాన్, ఆమె మోనా డార్లింగ్. ఆడి పాడి విడిపోతారు. నాలుగేళ్ల తర్వాత తార అతన్ని ఢిల్లీలో మళ్లీ కలుసుకుంటుంది. ఈ వేద్ వేరే మనిషి. టై కట్టుకుంటాడు, టైముకి వస్తాడు, టైముకి వెళ్తాడు, బాస్ అన్నదానికి తలూపుతాడు. పెళ్లి చేసుకుందామని ఉంగరం తీస్తే తార వద్దంటుంది. నేను వెతుక్కుంటూ వచ్చింది నీ కోసం కాదు, అక్కడ చూసిన ఆ మనిషి కోసం అంటుంది. అక్కడి నుంచి వేద్ లోపల ఒక్కొక్కటే కూలిపోవడం మొదలవుతుంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఎందుకు చూడాలి?

మీ ఆయన కథలు చెప్పే మనిషి. దెయ్యం కథ చెప్పి రైలు పెట్టెని కూర్చోబెట్టగలరు. అలాంటి మనిషికి తన గురించి చెప్పుకోవాల్సి వచ్చేసరికి “ఇది కాదు” అన్న రెండు మాటలు తప్ప దొరకలేదు. పూర్వం చదువురాని వాళ్లు పక్కింటి మాస్టారి చేత ఉత్తరం రాయించుకునేవారు. చేతిరాత మాస్టారిది, కబురు మాత్రం వాళ్లది. మీ ఆయన మీ చేతిలో పెడుతున్నది అలాంటి ఉత్తరమే అనుకోండి. సినిమా అనుకుని పక్కన పెట్టకండి, మూడు నెలలుగా విప్పకుండా ఉన్న కబురు అది.

అందులో వేద్ రోజూ చేసే పనులన్నీ ఒకదాని వెనక ఒకటి చూపిస్తారు. అదే బ్రష్, అదే టై, అదే సిగ్నలు, అదే నవ్వు. మొదటిసారి చూసినప్పుడు మనకీ ఏమీ అనిపించదు, అందరి బతుకూ అంతేగా అనుకుంటాం. నాలుగోసారికి భయం వేస్తుంది. సెల్లార్లో హెల్మెట్ తియ్యకుండా కూర్చున్న మనిషిని మీరు చూశారే, ఆ హెల్మెట్ లోపల ఏం జరుగుతోందో చెప్పే సినిమా ఇది. అందులో ఎవరూ వేద్‌ని కొట్టరు, తిట్టరు, మోసం చెయ్యరు. జీతం బాగానే ఇస్తారు. అయినా మనిషి అయిపోతుంటాడు. బయటికి గాయం కనిపించకపోతే ఇంట్లోవాళ్లు నమ్మడం కష్టం. మీకు నమ్మకం కలగాలంటే దగ్గర నుంచి చూడాలి, దానికి ఈ సినిమా పనికొస్తుంది.

రెండో కారణం తార. జనం ఈ సినిమాని వేద్ కోసం చూస్తారు. మీరు తార కోసం చూడండి. ఇర్షాద్ కామిల్ రాయగా ఎ.ఆర్. రెహమాన్ బాణీ కట్టిన ‘అగర్ తుమ్ సాథ్ హో’ పాట మీరు ఎక్కడో విని ఉంటారు. ప్రేమ పాట అనుకుని రింగ్‌టోన్లు పెట్టుకున్నారు. సినిమాలో అది విడిపోతున్నవాళ్ల పాట. ఆమె వంతు అల్కా యాజ్ఞిక్ పాడారు, అతని వంతు అర్జిత్ సింగ్. ఆమె క్షమించమని బతిమాలుతుంది, అతను బిగుసుకుపోయి ఉంటాడు. జాగ్రత్తగా వింటే ఆమె మాటకి అతను జవాబు చెప్పడం లేదని తెలుస్తుంది. ఒకే పాటలో ఇద్దరూ విడివిడిగా తమ బాధ తాము చెప్పుకుంటున్నారు. మీ ఇంట్లో అన్నం కంచాల దగ్గర మూడు నెలలుగా జరుగుతున్నది ఇదే. మీరు ఈఎంఐ అంటారు, ఆయన కథలు అంటారు. రెండూ నిజాలే, ఒకదానికి మరొకటి జవాబు కాదు.

ఒక విషయంలో ఈ సినిమా మీద నాకు కోపం ఉంది, అదీ చెప్పేస్తాను. తార పని వేద్‌ని నిద్రలేపడం వరకే అన్నట్టు తీశారు. ఆమె తన కోసం ఏం కోరుకుంది, ఆమె ఉద్యోగం, ఆమె రోజులు, వీటి గురించి సినిమా అడిగింది తక్కువ. ఇంట్లో మగవాడు తనని తాను వెతుక్కుంటుంటే ఆడది దీపం పట్టుకుని నిలబడాలి అన్నట్టుంటుంది. మీరు ఆ దీపం పట్టుకోకపోతే ద్రోహం చేసినట్టని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. చివరికి మీ ఆయనే అన్నా ఒప్పుకోకండి.

ఇంకో సంగతి. తార తేయాకు వ్యాపారం ఉన్న ఇంటి పిల్ల. వేద్‌కి పెళ్లి కాలేదు, పిల్లల్లేరు. కట్టాల్సిన ఫ్లాటు ఊసే లేదు. అతను తన దారి పట్టాక మొదటి ఆరు నెలలు అద్దె ఎలా కట్టాడో సినిమా చూపించదు. ఒకేసారి పెద్ద వేదిక, చప్పట్లు. మీ 36 వేల ఈఎంఐ ఆ సినిమాలో ఏ సీన్లోనూ లేదు. మీ భయం మూర్ఖత్వం కాదమ్మా. ఆ సినిమా రాయకుండా వదిలేసిన పేజీ అది. చూశాక ఆయనతో ఈ మాటే అనండి, “అన్నీ బావున్నాయి, ఈ పేజీ మనిద్దరం కూర్చుని రాద్దాం” అని.

అయితే సినిమాలోనే మీ ఇద్దరికీ దగ్గరగా ఉండే మనిషి ఒకడున్నాడు. ఆటో డ్రైవరు. ఒకప్పుడు పాటగాడు కావాలనుకుని, సంసారం కోసం ఆటో తోలుకుంటున్నవాడు. కనిపించేది కాసేపే. వేద్ కథ మరిచిపోయినా అతన్ని మరిచిపోలేం. మీ ఆయన ఆ మనిషిని చూసే ఏడ్చి ఉంటారని నా అనుమానం. వేద్‌ని చూసి ఆశపడొచ్చు. కన్నీళ్లు మాత్రం డ్రైవరు దగ్గరే వస్తాయి.

ఇక ఉద్యోగం సంగతి. మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసి వెళ్లిపోయిన వాక్యం ఒకటుంది. రెండేళ్లుగా పాపకి రాత్రిళ్లు కథ చెప్పడం మానేశారు అని. టీమ్ లీడ్ అయింది కూడా రెండేళ్ల క్రితమే. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూశారా? పదకొండేళ్లు అదే కంపెనీలో పనిచేస్తూ కూడా ఆయన కథలు చెప్పారు, పాపని నవ్వించారు. అంటే ఆయన్ని తినేస్తున్నది ఉద్యోగమంతా కాకపోవచ్చు. ఈ కుర్చీ కావచ్చు. రాత్రి పదింటికి క్లయింట్ కాల్స్, కిందివాళ్ల అప్రైజల్స్, పైవాళ్ల మెయిల్స్. మళ్లీ మామూలు టెక్నికల్ పనిలోకి వెళ్తానని అడగడం ఐటీలో జరగని పని కాదు. జీతం కొంత తగ్గొచ్చు. చిన్నతనంగానూ ఉండొచ్చు, “వెనక్కి వెళ్లాడు” అని నలుగురూ అనుకుంటారు. కానీ సాయంత్రాలు ఇంటికొస్తాయి. ఈ మాట మీరు సలహాలా చెప్తే ఆయనకి తక్కువ చేసినట్టుంటుంది. “మీకు ఏది ఎక్కువ బరువుగా ఉంది, పనా, ఈ పోస్టా?” అని అడిగి వదిలెయ్యండి.

ఉద్యోగం ఉంచుకుని కథలు మొదలుపెట్టడం ఇంకో దారి. ఇందులో మన ఊరి పెద్దల్ని తలుచుకోకుండా ఉండలేను. రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖపట్నంలో ప్లీడరు. ఆయన కథల్లోని సారా కేసులు, పోలీసులు, దిక్కులేని ముద్దాయిలు ఆ కోర్టు వరండాల్లోంచి వచ్చినవాళ్లే. కాళీపట్నం రామారావు మాస్టారు ఇక్కడే హైస్కూల్లో లెక్కలు చెప్పారు. రోజూ బోర్డు మీద లెక్కలు చెప్పిన ఆ చేతికే 1995లో కథలకి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పక్కనే విజయనగరంలో గురజాడ సంస్థానం కొలువు చేస్తూనే రాశారు, 1892లో ‘కన్యాశుల్కం’ అక్కడే నాటకంగా ఆడింది. ‘తమాషా’లో ఆఫీసంటే జైలు. వీళ్లకి మాత్రం ఆఫీసే సరుకు. మీ ఆయన టీములో పాతికమంది ఉన్నారంటే పాతిక కథలు ఆయన ముందు కూర్చున్నట్టే. కానీ ఒక్క మాట. “వాళ్లు మానలేదుగా, మీరూ మానకండి” అని వీళ్లని ఆయన మీదకి విసరకండి. వకీలు పనికీ, రాత్రి పన్నెండుదాకా లాప్‌టాప్ మూయనివ్వని ఉద్యోగానికీ తేడా ఉంది. ఆ తేడా లేనట్టు మాట్లాడితే ఆయన మీ మాట వినడం మానేస్తారు.

ఇలా చేస్తే ఏమవుతుంది? మొదటి నెల ఉత్సాహంగా ఉంటారు, రెండో నెలలో అలిసిపోతారు. ఆదివారం ఆయన కథకి పోతే సంతకి ఎవరు వెళ్లాలి, పాప హోంవర్కు ఎవరు చూడాలి అన్నది మీ మీద పడుతుంది. అది ముందే మాట్లాడుకోవాలి. లాభం ఏమిటంటే, దాహం దేనికో తేలుతుంది. నిజం చెప్పాలంటే ఆయన్ని నేను అడగాలనుకుంటున్న ప్రశ్న ఒకటుంది. ఆ సినిమా అయిదుసార్లు చూశారు, ఈ నాలుగు నెలల్లో ఎవరికైనా అయిదు కథలు చెప్పారా? చెప్పకపోతే తప్పని కాదు. కానీ ఉద్యోగం నుంచి పారిపోవాలనుకోవడం వేరు, కథ దగ్గరికి వెళ్లాలనుకోవడం వేరు. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఏదో తెలియాలంటే వేదిక అక్కర్లేదు. మీ అపార్ట్‌మెంట్ మేడ మీద ఆదివారం సాయంత్రం చాప పరిచి పదిమంది పిల్లల్ని కూర్చోబెడితే చాలు. పిల్లలు మొహమాటానికి వినరు. నచ్చకపోతే లేచిపోతారు. మూడు నెలలు, పన్నెండు ఆదివారాలు. ఆంధ్ర యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది. ఉద్యోగం చేస్తూ చేరగలిగే కోర్సేమైనా ఉందేమో ఒకరోజు ఇద్దరూ వెళ్లి కనుక్కోండి. కళాభారతిలో నాటకాలు పడినప్పుడు వెళ్లి చూడండి. నాటకం అయ్యాక వెనక్కి వెళ్లి, రంగు తుడుచుకుంటున్న వాళ్లతో మాట్లాడండి. వాళ్లలో చాలామంది పొద్దున్నే ఏదో ఒక ఆఫీసుకి వెళ్లేవాళ్లే ఉంటారు. ఎలా నెట్టుకొస్తున్నారో వాళ్లే చెప్తారు.

అదీ చాలదు, మానేసే తీరతాను అంటే, దానికీ పద్ధతి ఉంది. ముందు కొన్ని నెలలు జీతం లేని సెలవు దొరుకుతుందేమో అడగొచ్చు. దొరికితే తిరిగివెళ్లడానికి తలుపు తెరిచి ఉంటుంది, అప్రైజల్ మీద దెబ్బ పడొచ్చు. పూర్తిగా మానెయ్యడమే అయితే ఏడాది ఈఎంఐ, అంటే 4,32,000 రూపాయలు పక్కన పడ్డాకే నోటీసు ఇవ్వాలని ఇద్దరూ ఒక కాగితం మీద రాసుకోండి. అది కూడబెట్టడానికి ఏడాదిన్నర పట్టొచ్చు. పట్టనివ్వండి. ఎదురుగా తేదీ ఉంటే మనిషి అదే ఉద్యోగాన్ని వేరే ఓపికతో చేస్తాడు. ఇన్సూరెన్స్ సంగతి మాత్రం ఆ తేదీ దాకా ఆపకండి. ఉద్యోగం పోతే కంపెనీ పాలసీ ఆగిపోతుంది. కొత్తగా సొంత పాలసీ తీసుకుంటే అప్పటికే ఉన్న జబ్బులకి గరిష్ఠంగా మూడేళ్ల వరకు వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బుల ఖర్చు ఇవ్వని గడువు, పెట్టే వీలు వాళ్లకి ఉంది. అత్తగారి షుగరు ఆ లెక్కలోకే వస్తుంది. ఆయన మానినా మానకపోయినా, ఉద్యోగంలో ఉండగానే ఇంటికొక పాలసీ తీసుకోండి. ఆ మూడేళ్లు ఇప్పటినుంచే గడవడం మొదలవుతాయి.

కుదరదంటే కుదరదు అని మీరు గట్టిగా కూర్చోవడం కూడా ఒక దారే. ఆయన మానరు, నాకు తెలుసు. ఆయన అలాంటి మనిషి అని మీ ఉత్తరమే చెప్తోంది. ఈఎంఐ కట్టుకుంటూ పోతారు. సెల్లార్లో ఇరవై నిమిషాలు నలభై అవుతాయి. ఆ ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉండదు.

మామగారికి చెప్పడం గురించి అడిగారు. ఇది ఒక్కటి మాత్రం వద్దనే చెప్తాను. సినిమాలో వేద్ చిన్నప్పుడు సిమ్లాలో ఒక ముసలాయన దగ్గర కథలు వినేవాడు. రాముడు, రావణుడు, లైలా మజ్నూ, ట్రాయ్ హెలెన్, అన్నీ కలిపేసి చెప్పేవాడు ఆ తాత. బుర్రకథలో కథకుడు మూడు ఊళ్ల సంగతులు ఒక్క వరసలో తెచ్చి కలిపేస్తాడే, అలాగ. పెద్దయ్యాక దారి తెలీక వేద్ మళ్లీ ఆ తాత దగ్గరికే పోయి, నా కథ చివర ఏమవుతుందో చెప్పమంటాడు. తాత మండిపడతాడు. నీ కథ నన్ను అడుగుతావేంటి, భయపడుతున్నావా అంటాడు. అక్కడి నుంచి వేద్ ఇంటికెళ్లి తండ్రి ముందు కూర్చుంటాడు. వాదన పెట్టుకోడు, అరవడు. కథలా చెప్తాడు, ఒక కుర్రాడుండేవాడు అని. సినిమా మొత్తానికి ప్రాణం ఆ గదిలో ఉంది. ఉద్యోగం వదలడం కన్నా పెద్ద పని అదే.

మీ మామగారు స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు మారుతూ, కొలిమి వేడిలో జీవితం గడిపి, కొడుకుని ఏసీ గదిలో కూర్చోబెట్టారు. “నాకది వద్దు” అని కొడుకు అంటే ఆయనకెలా ఉంటుందో మీకూ తెలుసు. ఆ మాట కొడుకు నోటి నుంచి, కొడుకు మాటల్లోనే వినాలి. మీరు ముందుగా వెళ్లి “ఏదో సినిమా చూసి పిచ్చెక్కింది, మీరు చెప్పండి మామయ్యగారూ” అంటే, ఆయనకి చేరేది మీరు చెప్పిన కథ. మీ ఆయన చెప్పడానికి మిగిలేదేమీ ఉండదు. పైగా రేపు మీ ఆయన సెల్లార్లోంచి అసలు పైకి రానని కూర్చున్నా, కారణం మీరేనని అనుకుంటారు. మీకు అంత భారంగా ఉంటే మీ అక్కకో, స్నేహితురాలికో చెప్పుకోండి. మీరూ ఎక్కడో ఒకచోట ఏడవాలి కదా.

జబ్బా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. ఉద్యోగం నచ్చకపోవడం జబ్బు కాదు, కథలు చెప్పాలనిపించడం అసలే కాదు. కానీ రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, పాపతో కూడా మాట్లాడాలనిపించకపోవడం రెండు వారాలు దాటి సాగుతుంటే, “నేను లేకపోయినా ఏం కాదు” లాంటి మాట ఒక్కసారి వచ్చినా, ఆగకండి. ఆ మాట వస్తే ఆ రోజే. 14416 కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు పడదు. మన ఊళ్లోనే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ గేటు పేరు చెప్తే నవ్వే రోజులు పోవాలి. తారగా వేసిన దీపికా పదుకోణె కూడా, ఈ సినిమా వచ్చిన 2015లోనే, తనకి డిప్రెషన్ వచ్చిందని నలుగురి ముందూ చెప్పారు. సినిమాలో వేద్ అంతగా విరిగిపోయినప్పుడు ఎవరూ అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లరు. అది కథ కాబట్టి ఒడ్డెక్కాడు. ఇంట్లో మనం దాని మీద ఆధారపడకూడదు.

ఇక చూడటం ఎలాగ. ఆయన పక్కన కూర్చుని చూస్తే ఆయన తెర చూడరు, మీ మొహం చూస్తారు. ఎక్కడ నవ్వారు, ఎక్కడ ఫోన్ తీశారు అని. మీకు పరీక్ష రాస్తున్నట్టుంటుంది. ఒక్కరే చూస్తే హాయిగా కోప్పడొచ్చు, తిట్టొచ్చు, ఏడవొచ్చు, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. కాకపోతే ఆయనకి చెప్పకుండా చూసి, చూడనట్టు ఉండిపోవాలనిపిస్తుంది. అలా చెయ్యకండి, బయటపడితే బాధపడతారు. నేనైతే ఒక మధ్యాహ్నం పాప స్కూల్లో ఉండగా ఒక్కదాన్నే చూసి, సాయంత్రం “చూశాను” అని మాత్రం చెప్తాను. బావుందా బాలేదా ఆ రోజు చెప్పను. అడిగితే, నాలుగు రోజులు ఆగండి, నాకూ ఆలోచించుకోవాలని ఉంది అంటాను. కోర్సికా భాగం, ఆ పాటలు, అల్లరి, ముందు తేలిగ్గా చూసెయ్యండి. అక్కడ మీకు రైలు పెట్టె గుర్తొస్తుంది. తార నాలుగేళ్లు మర్చిపోలేకపోయిన మనిషిని మీరు ఆ రైల్లోనే చూశారు. కొత్తవలస కిరండూల్ లైను మొత్తమ్మీద 58 సొరంగాలంటారు. ఆ దారిలో ఎంతమంది ఎన్ని కథలు చెప్పుకుని ఉంటారో గానీ, వెలుగు పడేదాకా ఆగి చెప్పిన మనిషి గురించి నేను వినడం ఇదే మొదలు.

ఇంకొక్కటి. ఈసారి సెల్లార్లో బండి చప్పుడు వినిపించి మనిషి పైకి రాకపోతే, పొయ్యి కట్టేసి కిందకి దిగండి. వెనక్కి మాత్రం రాకండి. పక్క బండి మీద కూర్చోండి. ఉద్యోగం గురించి ఎత్తకండి, సినిమా గురించి కూడా ఎత్తకండి. ఆయన హెల్మెట్ తీసేదాకా ఆగి, ఆ దెయ్యం కథలో అరకు వచ్చాక ఏమైందో అడగండి.